గొట్టానికి తగ్గ గుండు

1652 సెప్టెంబరులో ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్ గండికోటకు వచ్చాడు. పెమ్మసాని నాయకుల చేతిలోంచి కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమై అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. పెన్నా లోయ అంచున, ఎర్రమలల నడుమ ఉన్న ఆ కోటలో టావెర్నియర్‌కు తన దేశంవాడే ఒకడు కనబడ్డాడు. బూర్జ్ నగరానికి చెందిన క్లోద్ మాయ్. మీర్ జుమ్లా కొలువులో ఫిరంగులు పోతపోసే పని అతనిది. మొత్తం ఇరవై పోయాలి. 48 పౌండ్లవి పది, 24 పౌండ్లవి పది.

ఆ పౌండ్లు ఫిరంగి బరువు కాదు, దాని నోట్లో పట్టే గుండు బరువు. ఆ కాలంలో ఫిరంగిని గుర్తించింది గుండుతోనే. ముందు గుండు ఎంతో తేల్చుకోవాలి, ఆ తర్వాతే గొట్టం.

లోహం కోసం మీర్ జుమ్లా చుట్టుపక్కల గుళ్లలోని విగ్రహాలను తెప్పించాడు. గండికోట గుడిలోంచి ఆరు పెద్ద రాగి విగ్రహాలు వచ్చాయి. వాటిలో మూడు పదడుగుల ఎత్తువి. చిన్నవి కరిగాయి గానీ ఈ ఆరూ ఎంత ఖర్చు పెట్టినా కరగలేదని టావెర్నియర్ రాశాడు. పూజారులు ఏదో మంత్రం వేశారని మీర్ జుమ్లా వాళ్లను బెదిరించాడట. చివరికి మాయ్ చేతిలో ఒక్క ఫిరంగీ సరిగా తయారు కాలేదు. ఒకటి చీలింది, ఒకటి సగంలో ఆగింది. కొన్నాళ్లకు అతను కొలువే వదిలేశాడు.

మంత్రం సంగతి అటుంచుదాం. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పదడుగుల విగ్రహాన్ని ముక్కలు చేయకుండా కొలిమిలో పెడితే ఆ వేడి లోపలిదాకా చేరడం కష్టం. లోహం చాలక పోత మధ్యలో ఆగినా, అచ్చులో తేమ మిగిలినా గొట్టం చీలడం సహజం. నా మనసును కలచేది వేరే సంగతి. శిల్పులు ఎంతో నేర్పుతో పోసిన ఆ విగ్రహాల్లో కరిగినవి అక్కరకు రాని లోహపు ముద్దలుగా మిగిలిపోయాయి. మన చరిత్ర పుస్తకాలు ఈ నష్టాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తాయి. అది అన్యాయం.

ఫిరంగి సరిగా కుదిరినా గుండును గొట్టానికి అతికినట్టు చేసేవారు కాదు, కావాలనే కొంత చిన్నదిగా పోసేవారు. తర్వాతి కాలపు ఆంగ్లేయుల 24 పౌండ్ల ఫిరంగి గొట్టం వ్యాసం 5.8 అంగుళాలైతే, గుండు 5.5 అంగుళాలకు కాస్త మించి ఉండేది. మందు కాలినప్పుడు పట్టే మసి, ఇనుప గుండు మీది తుప్పు, పోతలో వచ్చే తేడా, వీటన్నిటికీ ఆ సందు కావాలి. కానీ ఆ సందులోంచే కాలిన వాయువు ముందుకు తోసుకుపోతుంది, దానితో పాటే గురీ బలమూ పోతాయి. సందు మరీ ఎక్కువైతే గుండు దారి తప్పుతుంది, మరీ తక్కువైతే ఇరుక్కుని గొట్టాన్నే పగలగొడుతుంది. ఎంత సందు వదలాలో తెలిసినవాడే ఆ విద్యలో గురువు.

చేతి తుపాకీకీ ఇదే లెక్క. ఈస్టిండియా కంపెనీ సిపాయి బ్రౌన్ బెస్ తుపాకీ గొట్టం 0.75 అంగుళాలు, అందులో వేసే సీసపు గుండు 0.69 అంగుళాలు. వంద గజాలు దాటితే గురి మీద నమ్మకం ఉండేది కాదు. అయినా ఒక మేలుంది. వెయ్యి తుపాకులకూ ఒకే కొలత, ఒకే తూటా. పక్కవాడి సంచిలో తూటా నీ తుపాకీలోనూ పడుతుంది.

మన రాయలసీమలో ఈనాం భూములకు బదులుగా ఊరి కాపలా కాసిన కట్టుబడి బంట్ల దగ్గర ఉన్నవి జామగి తుపాకులు. వత్తి అంటించి పేల్చేవి. ఊరి కమ్మరి చేసిన గొట్టాలు కాబట్టి ఒక్కోదానికి ఒక్కో కొలత. అలాంటి ప్రతి తుపాకీకీ దాని సొంత గుండు అచ్చు ఉండాలి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది గనుక పొయ్యి మీద గరిటెతో కరిగించి అచ్చులో పోసుకోవచ్చు. చవుడు నేలల సురేకారం సీమలో దొరికేదే. కడప జిల్లా జంగంరాజుపల్లె దగ్గర సీసం కోసం తవ్విన పాత గనుల ఆనవాళ్లున్నాయి. సురేకారానికీ సీసానికీ పెద్ద కొరత ఉండి ఉండదు. కొరతల్లా ఒకడి గుండు మరొకడికి పనికిరాకపోవడం.

1846 జులైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు ఆయన వెంట నడిచినవాళ్లలో కట్టుబడి బంట్లు ఎక్కువ. ఈనాం భూములు పోగొట్టుకున్నవాళ్లు. అప్పట్లో కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. 1847 ఫిబ్రవరి 22న ఆయనను అక్కడే ఉరి తీశారు. ఆ పోరాటంలో ధైర్యానికి లోటు లేదు. ఒకే కొలతకు చేసిన తూటాలున్న సైన్యానికీ ఎవరి అచ్చు వాళ్లదైన దండుకూ మధ్య తేడాను కూడా ఆ ఓటమి కారణాల్లో లెక్కవేయాలని నా అభిప్రాయం.

ఆ తిరుగుబాటుకు ఏడేళ్ల ముందు కర్నూలులో జరిగింది మరీ విచిత్రం. నవాబు గులాం రసూల్ ఖాన్ లెక్కకు మించి ఆయుధాలు కూడబెడుతున్నాడని కంపెనీకి వేగు అందింది. 1839లో కల్నల్ డైస్ సేనతో వచ్చాడు. కోట పోరు లేకుండానే చేతికొచ్చింది. లోపల చూస్తే వందల ఫిరంగులు, గుండ్లు, మందు నిల్వలు, పోత కొలుములు. అక్టోబరు 18న అసలు పోరు జరిగింది కోటలో కాదు, హంద్రీ ఒడ్డున జోహరాపురంలో. నవాబు తన కిరాయి బంట్లతో అక్కడే ఉన్నాడు. కోటలోని ఫిరంగుల్లో ఒక్కటీ ఆ రోజు ఆయనకు అక్కరకు రాలేదు. బందీగా తిరుచిరాపల్లికి తరలిస్తే మరుసటి ఏడాది అక్కడే కత్తిపోటుకు బలయ్యాడు. కర్నూలు కంపెనీ పాలన కిందికి వచ్చింది.

తర్వాత రివాల్వర్ల కాలం వచ్చింది. కొలత చిక్కు ఇంకా సన్నబడింది. పేరు ఒకటి, అసలు కొలత ఒకటి. 38 రివాల్వర్ అంటాం, దాని గుండు వ్యాసం మాత్రం 0.357 అంగుళాలు. ఇలా ఎందుకైందంటే, 1870ల్లో వచ్చిన తొలి 38 తూటాల్లో గుండూ ఇత్తడి గుల్లా బయటి కొలతలో సమానం. తరువాత గుండును సన్నం చేసి గుల్ల లోపలికి దించారు, పేరు మాత్రం మార్చలేదు. 1935లో వచ్చిన 357 మాగ్నమ్ అసలు కొలతనే పేరుగా పెట్టుకుంది. గుండు అదే. ఆంగ్లేయుల ఎన్‌ఫీల్డ్ రివాల్వర్ కూడా 38గానే చెలామణి అయింది గానీ దాని గుండు 0.360 అంగుళాల దగ్గర ఉంటుంది. కాన్పూరు కర్మాగారం చేసే 32 రివాల్వర్‌కు 0.312 దగ్గరి గుండు వాడతారు. రైతులు పంటల కాపలాకు పెట్టుకునే పన్నెండు బోరు తుపాకీలో ఆ పన్నెండు అంగుళాలూ కాదు, మిల్లీమీటర్లూ కాదు. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌండు. గండికోట నాటి తూకం లెక్కే ఇంకా నడుస్తోంది.

తూటాలు మళ్లీ నింపుకోవడం చట్టబద్ధమైన దేశాల్లో నిపుణులు పేరు చూసి గుండు ఎంచుకోరు. మెత్తటి సీసాన్ని గొట్టంలోంచి నెట్టి, గొట్టం లోపలి గాడుల ముద్ర పడిన ఆ సీసం వ్యాసాన్ని మైక్రోమీటరుతో కొలుస్తారు. సిలిండరు గదుల మూతి కొలత కూడా చూస్తారు. రివాల్వర్‌లో గుండు ముందు ఆ మూతి దాటాకే గొట్టంలోకి వెళుతుంది కనుక, మూతి ఇరుకైతే గుండు అక్కడే నలిగి చిన్నదవుతుంది. గుండు చిన్నదైతే వేడి వాయువు దాని పక్కనుంచి దూసుకుపోయి సీసాన్ని కరిగించి గొట్టానికి పులుముతుంది. పెద్దదైతే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఇదంతా వెంట్రుకవాసి తేడాలో తేలిపోయే వ్యవహారం. నాటు తుపాకులు చేతిలోనే పేలి వేళ్లు తెగడానికి ఒక కారణం గొట్టానికీ గుండుకూ పొంతన లేకపోవడమే.

మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. తుపాకీ ఉంచుకునే లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటాలు నింపుకునే హక్కు రాదు. అందుకే ఈ విద్య మనకిక చరిత్ర పరిశోధనకే ఉపయోగపడాలి.

ఉపయోగపడుతుంది కూడా. గొట్టం వ్యాసం, గుండు వ్యాసం, గుండు బరువు, ఈ మూడు అంకెలు దొరికితే ఫిరంగి ఏ కాలానిదో, ఏ పద్ధతి పోతో అంచనా వేయడానికి తోడ్పడతాయి. మన కోటల్లో, మ్యూజియాల్లో ఫిరంగి కనబడితే పక్కన నిలబడి ఫొటో దిగి వచ్చేస్తున్నాం. చరిత్ర చదివే విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నా విన్నపం ఒక్కటే. ఈసారి వెళ్లినప్పుడు అక్కడి అధికారుల అనుమతి తీసుకుని, వెంట ఒక కొలత టేపు పట్టుకెళ్లండి. ఫిరంగి మూతి కొలిచి, పక్కన గుండు ఉంటే దానినీ కొలిచి, ఊరి పేరుతో సహా రాసి పురావస్తు శాఖకు పంపండి.