ఉప్పెన నేర్పిన లెక్క

ఇలా మంట దగ్గరికి జరిగి కూర్చోండర్రా. ఉప్పెన సంగతి చెప్పమన్నారుగా, చెబుతాను. మన దివిసీమలో పెద్దాళ్ల వయసు అడిగితే, ఉప్పెన నాటికి ఎంత పిల్లాడో చెప్పి మిగతా లెక్క మనల్నే వేసుకోమంటారు. అంతగా నాటుకుపోయింది ఆ రోజు. 1977 నవంబరు 19, శనివారం. కార్తీక మాసం. వరి కోతకొచ్చి ఉంది.

తుపాను వస్తోందని రేడియోలో చెప్పారు. కానీ రేడియో ఎన్ని ఇళ్లలో ఉండేది? విన్నవాడైనా ఎక్కడికి పోవాలి? హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లలో చాలావరకు తాటాకు పాకలే. ఎక్కి నిలబడదామంటే గట్టి మేడ లేదు. పొద్దుటి నుంచీ గాలి ఉద్ధృతమైంది. తరవాత సముద్రం లేచి ఊళ్ల మీద పడింది. అయిదు మీటర్ల ఎత్తున వచ్చిందన్నారు. తాటిచెట్టునో తుమ్మచెట్టునో కరుచుకున్నవాళ్లలో కొందరు బతికారు. పసిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులు ఏ చెట్టెక్కుతారర్రా? సర్కారు లెక్కలోనే 10 వేల మందికి పైగా పోయారు. పశువులకైతే లెక్కే లేదు.

సముద్రం అలా ఎందుకు పొంగుతుందో కూడా తెలుసుకోండి. తుపాను గాలి గంటల తరబడి నీళ్లను ఒడ్డు మీదికి తోస్తుంది. మన తీరం దగ్గర సముద్రానికి లోతు తక్కువ. వెనక్కి మళ్లే దారి లేక నీళ్లు పైకి లేస్తాయి. మనదా, కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు నేల, పల్లం. ఇక అడ్డేముంది?

తరవాత దేశమంతా కదిలొచ్చింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. మన నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు ఈ సీమను మళ్లీ నిలబెట్టడానికి ఎంతో పాటుపడ్డారు. ఆ రుణం తీరేది కాదు. అయితే ఒక మాట గట్టిగా చెబుతాను. జోలె పట్టడం మంచి మనుషుల ధర్మం, అది ప్రాణం పోయాక పనికొచ్చేది. ప్రాణం పోకముందు కాపాడటం ప్రభుత్వం పని.

ఆ పని చేస్తే ఏమవుతుందో కూడా ఈ కళ్లతోనే చూశాను. 1990 మే 9న అంతటి తుపానే మళ్లీ మన కృష్ణమ్మ సాగరసంగమం దగ్గరే తీరం దాటింది. అప్పటికి ఆకాశంలో ఇన్సాట్ ఉపగ్రహం ఉంది, బందరులో రాడార్ ఉంది, ఊళ్లలో తుపాను షెల్టర్లు లేచాయి. అధికారులు ముందే కదిలి 6 లక్షల మందికి పైగా జనాన్ని తీరం నుంచి తరలించారు. పంటలు పోయాయి, ఇళ్లు పోయాయి. చనిపోయినవాళ్లు మాత్రం వెయ్యికి లోపే. వాళ్లంతా మనవాళ్లే, ఆ దుఃఖం ఉంది. కానీ పది వేలెక్కడ, వెయ్యెక్కడ!

ఇప్పుడు మీ తరానికి కొత్త కష్టం వచ్చిపడింది. తుపానుకు తిండి సముద్రపు వేడి. బొగ్గు, పెట్రోలు కాల్చి మనుషులు పెంచిన వేడిలో నూటికి తొంభై వంతులు సముద్రమే మింగుతోందని శాస్త్రవేత్తలు తేల్చారు. 1901 నుంచి 2018 లోపు ప్రపంచమంతటా సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఉప్పెన ఇక ఆ పెరిగిన మట్టం మీంచే లేస్తుంది. తుపాన్ల సంఖ్య పెరగకపోయినా, వచ్చేవాటిలో బలమైనవాటి పాలు పెరుగుతుందని కూడా వాళ్లు చెబుతున్నారు.

తీరాన్ని కాపాడాలని 1991లో నిబంధనలు తెచ్చారు. విపత్తుల నిర్వహణకు 2005లో చట్టమే చేశారు. కాగితం మీద కొదవలేదు. కానీ కరకట్ట తెగకుండా ఏటా మట్టి పడాలి. షెల్టర్ తలుపు తుపాను నాడు తెరుచుకోవాలి, లోపల మంచినీళ్లుండాలి. అలల జోరు తగ్గించే మడ అడవిని కొట్టి చెరువులు తవ్వుతుంటే అడ్డుకోవాలి. ఇవి పేపర్లో ఫోటో పడే పనులు కావు. అందుకే వీటిని ఎవరో ఒకరు వెంటపడి అడగాలి.

గాలిని పుట్టించేది సర్కారు కాదు. కానీ ఆ గాలికి ఎందరు చచ్చిపోతారన్నది చాలావరకు సర్కారు చేతిలోనే ఉంది. ఓటడగడానికి వచ్చినవాణ్ణి ముందు కరకట్ట మీదికి తీసుకెళ్లి, దీనికేం చేశావని అడగండర్రా.