మల్టీ స్ప్లిట్ ఏసీ: పాత మిద్దె ఇంట్లో ఒకే అవుట్‌డోర్‌తో మూడు గదులు చల్లబడతాయా? బిగించే ముందు ఇవి చూసుకోండి

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఏప్రిల్ వచ్చిందంటే ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పగలంతా కాగిన బండల మిద్దె రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. అందుకే పాత ఇళ్లలోనూ ఇప్పుడు ఏసీలు పెట్టించుకుంటున్నారు. గదికొకటి కాకుండా, ఒకే అవుట్‌డోర్ యూనిట్‌తో రెండు మూడు గదులను చల్లబరిచే మల్టీ స్ప్లిట్ వైపు కొందరు చూస్తున్నారు. కానీ పాత ఇంట్లో మెషీన్ కొనడం తేలికే. గోడ, పైకప్పు, కరెంటు దాన్ని తట్టుకుంటాయా అన్నదే అసలు లెక్క.

అసలేంటీ మల్టీ స్ప్లిట్?

మామూలు స్ప్లిట్ ఏసీకి లోపల ఒకటి, బయట ఒకటి యూనిట్లు ఉంటాయి. మల్టీ స్ప్లిట్‌లో బయట ఒకటే, లోపల గదికొకటి. మధ్యలో రాగి పైపులు, వైర్లు, నీళ్లు పోయే గొట్టం. పెద్ద డక్టులు అక్కర్లేదు కాబట్టి ఫాల్స్ సీలింగ్ అవసరం లేదు. ఏ గదికి ఆ గదే రిమోట్.

ఇదే మెషీన్ వేడిని తిరుగుదిశలో లోపలికి తోడితే హీటర్ అవుతుంది. దాన్నే హీట్ పంప్ అంటారు. రాయలసీమలో చలి కొన్ని వారాలే కాబట్టి, దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టాలా అన్నది ఆలోచించుకోవాలి.

ఒక ఇబ్బంది కూడా ఉంది. అవుట్‌డోర్ చెడిపోతే అన్ని గదులూ ఒకేసారి ఆగిపోతాయి. పెద్ద అవుట్‌డోర్ పెట్టి రోజూ ఒక్క గదే వాడితే, కంప్రెసర్ ఒక స్థాయి కంటే నెమ్మదించలేక ఆగుతూ, మళ్లీ స్టార్ట్ అవుతూ కరెంటు వృథా చేస్తుంది. రాత్రిపూట ఒకే గది వాడే కుటుంబానికి మామూలు ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీనే మేలు.

ముందు మిద్దె మీద దృష్టి పెట్టండి

ఇక్కడి పాత ఇళ్లలో దూలాలు, దంతెల మీద బండలో కట్టెలో పరిచి, పైన చౌడు మట్టి వేస్తారు. అవుట్‌డోర్ యూనిట్‌ను ఈ మట్టి మిద్దె మీద పెట్టకూడదు. బరువుతో పాటు కంప్రెసర్ అదురు కూడా ఉంటుంది. చౌడు కదిలిన చోట వానాకాలంలో నీళ్లు దిగుతాయి.

మట్టితో కట్టిన రాతి గోడకు బ్రాకెట్లు బిగించడమూ ప్రమాదమే. యూనిట్‌ను నేల మీద సిమెంటు దిమ్మె కట్టి పెట్టడం మంచిది. నది పక్క వీధుల్లో దిమ్మె ఎత్తుగా ఉండాలి. 2009 అక్టోబరు వరదల్లో కర్నూలు పాతబస్తీ మునిగిన సంగతి తెలిసిందే.

వేడి ఎక్కువగా దిగేది పైకప్పు నుంచే. ఏసీ కంటే ముందు మిద్దెకు తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేస్తే తక్కువ టన్నుల మెషీన్ సరిపోవచ్చు. పక్కనున్న తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

గోడకు రంధ్రం ఎలా వేయాలి?

పాత గోడలు అడుగున్నర నుంచి రెండడుగుల మందం ఉంటాయి. సుత్తి, ఉలితో కొడితే లోపలి రాళ్లు వదులవుతాయి. కోర్ కట్టర్‌తో తొలిచి, లోపల ప్లాస్టిక్ పైపు తొడగాలి. రంధ్రం బయటి వైపుకు కాస్త వాలుగా ఉండాలి.

నీళ్ల గొట్టం వాలు కూడా ముఖ్యమే. ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఏసీ నుంచి నీళ్లు తక్కువే వస్తాయి. తేమ పెరిగే వానాకాలంలో ఎక్కువ వస్తాయి. అంటే ఏప్రిల్‌లో చేసిన తప్పు ఆగస్టులో బయటపడుతుంది. అప్పటికి మట్టి గోడ నానిపోయి ఉంటుంది. బిగించిన రోజే ఇండోర్ యూనిట్ ట్రేలో చెంబుడు నీళ్లు పోయించి, బయటికి సాఫీగా పోతున్నాయో లేదో చూడండి.

గవాక్షిని ఏం చేయాలి?

ఏసీ గదిలోని గవాక్షిని గాజుతో మూయించాలి. వెలుతురు వస్తుంది, చల్లదనం పోదు. వంటింటి గవాక్షిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మూయొద్దు. పొయ్యి పొగ బయటికి పోయే దారి అదే.

కరెంటు, ఎర్తింగ్

పాత ఇంటి సన్నని వైర్ల మీద ఏసీ వేస్తే వైర్లు వేడెక్కి మంటలు రావొచ్చు. మీటర్ బోర్డు నుంచి అవుట్‌డోర్‌కు విడిగా రాగి వైరు, విడిగా ఎంసీబీ ఉండాలి. మంజూరైన లోడు సరిపోకపోతే ఏపీఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో పెంచుకోవాలి.

చాలా పాత ఇళ్లలో ఎర్తింగే ఉండదు. ఉన్నా, ఎండాకాలం నేల ఎండిపోతే సరిగా పనిచేయదు. ఎర్త్ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టి కొలిపించాలి.

మెకానిక్‌ను అడగాల్సినవి

* పైపుల్లో నైట్రోజన్ నింపి లీకేజీ చూశారా? ఇప్పటి ఏసీల్లో చాలావాటిలో ఉండే ఆర్-32 గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం ఉంది.
* వాక్యూమ్ పంపుతో పైపుల్లోని గాలి, తేమ తీశారా? కొంచెం గ్యాస్ వదిలి గాలిని తోసేయడం సరైన పద్ధతి కాదు.
* అవుట్‌డోర్ నుంచి దూరపు గదికి పైపు పొడవు కంపెనీ చెప్పిన హద్దులో ఉందా?
* ఎంత వేడి వరకు మెషీన్ పనిచేస్తుంది? ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలుస్తారు. మే నెల మధ్యాహ్నం చల్లదనం అంతకంటే తగ్గుతుంది.

ఏసీ వద్దనుకుంటే?

దూలాలు పుచ్చినా, గోడలు పగుళ్లిచ్చినా ముందు వాటిని బాగు చేయించాలి. ఆ డబ్బు లేకపోతే కూలర్ చిన్నతనమేం కాదు. రాయలసీమ పొడి గాలిలో కూలర్ బాగా పనిచేస్తుంది, కరెంటు కూడా తక్కువే. నీళ్లు మాత్రం రోజూ కావాలి, కిటికీ తెరిచి ఉంచాలి. ఏసీ, కూలర్ రెండూ ఒకే గదిలో కలిపి వాడొద్దు.

ఏసీ పెట్టుకున్నా 24 డిగ్రీల దగ్గర ఉంచి ఫ్యాన్ వేసుకుంటే బిల్లు అదుపులో ఉంటుంది. స్టార్ రేటింగ్ ఉన్న కొత్త గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలే చూపించాలన్న కేంద్రం నిబంధన 2020 జనవరి నుంచి అమల్లో ఉంది. ఇల్లంతా కాకుండా, పెద్దవాళ్లు, పసిపిల్లలు పడుకునే గదితో మొదలుపెట్టండి. ఒక వానాకాలం గడిచాక గోడ పొడిగా ఉంటేనే మిగతా గదుల సంగతి ఆలోచించండి.