కబాబ్‌కు ఏ నిప్పు? బొగ్గు, కట్టె, గ్యాస్‌లలో తేడాలు

తెలుగులో చిక్కు ‘బొగ్గు’ అనే మాటతోనే మొదలవుతుంది. సింగరేణి గనుల్లో తవ్వేదీ బొగ్గే, కట్టెలు కాల్చి చేసేదీ బొగ్గే. హిందీ ‘కోయ్‌లా’ సంగతీ అంతే. ఆరుబయట మాంసం కాల్చుకోవడానికి పనికొచ్చేది రెండోది మాత్రమే. రాతి బొగ్గులో గంధకంతో పాటు కొద్ది మోతాదులో పాదరసం, ఆర్సెనిక్ లాంటివి ఉంటాయి. ఆ పొగ నేరుగా తిండికి పడుతుంది. చేతిలోకి తీసుకుంటే తేడా తెలిసిపోతుంది. కట్టె బొగ్గు తేలిగ్గా ఉంటుంది, విరిస్తే లోపల కట్టె పొరలు కనిపిస్తాయి. రాతి బొగ్గు రాయిలాగే బరువు.

గాలి సరిగా ఆడకుండా కట్టెను కాలిస్తే తేమ, పొగనిచ్చే పదార్థాలు పోయి చాలావరకు కార్బన్ మిగులుతుంది. అదే కట్టె బొగ్గు. కిలోకు కట్టె ఇచ్చే వేడికి ఇది దాదాపు రెట్టింపు ఇస్తుంది, పొగ కూడా తక్కువ. దక్షిణాదిలో దీనికి పేరున్న చెట్టు సర్కారు తుమ్మ. తమిళనాడులోని రామనాథపురం ప్రాంతంలో ఈ బొగ్గు బట్టీలే ఎన్నో కుటుంబాలకు బతుకుతెరువు. గట్టి కట్టె కాబట్టి నిప్పు ఎక్కువసేపు నిలుస్తుంది. పైగా బయటి నుంచి వచ్చి బీళ్లను ఆక్రమించిన చెట్టు ఇది. దీన్ని కొట్టడం, సహజమైన అడవిని కొట్టడం ఒకటి కాదు. బస్తా మీద చెట్టు పేరు ఉండదు కాబట్టి అమ్మేవారిని అడగాల్సిందే.

కొబ్బరి చిప్పల బొగ్గు కూడా మంచిదే. కాకపోతే అందులో చాలా భాగం నీటి శుద్ధికి వాడే యాక్టివేటెడ్ కార్బన్ ఫ్యాక్టరీలకు పోతుంది. బొగ్గు పొడిని గంజితో కలిపి అచ్చుపోసిన బ్రికెట్లు సమానంగా, నిదానంగా కాలతాయి, బూడిద మాత్రం ఎక్కువ. మేక తొడ లాంటి పెద్ద ముక్కకు ఇవి నయం. ఊచల మీద కబాబ్‌కు ముక్కల బొగ్గే సరి, త్వరగా రాజుకుంటుంది, వేడీ ఎక్కువ. ఏదైనా సరే మంట ఆరి, నిప్పుల మీద తెల్లటి బూడిద పొర వచ్చాకే మాంసం పెట్టాలి. పెట్రోలు పోసి అంటించడం ప్రాణాంతకం. కిరోసిన్ పోస్తే ఆ వాసన ముక్కకు పడుతుంది.

పచ్చి కట్టె పొగకే తప్ప వేడికి పనికిరాదు. ఎండిన తుమ్మ, మామిడి, జామ వాడొచ్చు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ జోలికి మాత్రం పోకూడదు.

బొగ్గు లేకపోతే రుచి రాదన్న నమ్మకం బలంగా ఉంది. అందులో సగమే నిజం. కబాబ్ వాసన ఎక్కువగా కొవ్వు, మసాలా నిప్పు మీద కారి ఆవిరై పైకి లేవడం వల్ల వస్తుంది. గ్యాస్ గ్రిల్‌లో బర్నర్ల మీద ఉండే వేడి పలకలు చేసే పనీ అదే. హైదరాబాద్ పత్తర్ కా గోష్త్‌లో మాంసానికి, నిప్పుకు మధ్య రాతి పలక ఉంటుంది. అక్కడ గ్యాస్ వాడినా పోయేది తక్కువ. కారే కొవ్వుతోనే బెంజోపైరీన్ కూడా పుడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మంటలు లేచినప్పుడు ఊచలు పక్కకు జరపాలని పాత వంటవాళ్లు చెప్పేది అందుకూ పనికొస్తుంది.

హోటళ్లకు ఇప్పుడు రుచి ఒక్కటే లెక్క కాదు. ఢిల్లీ పరిసరాల్లో గాలి నాణ్యత సూచీ 200 దాటగానే అమల్లోకి వచ్చే ‘గ్రాప్’ తొలి దశలోనే తందూర్లలో బొగ్గు, కట్టె వాడకంపై ఆంక్షలు ఉన్నాయి. ముంబై బేకరీలు బొగ్గు, కట్టెల నుంచి ఆరు నెలల్లో గ్యాస్ లాంటి ఇంధనాలకు మారాలని 2025 జనవరిలో బాంబే హైకోర్టు ఆదేశించింది. గ్యాస్‌కూ జాగ్రత్తలు ఉన్నాయి. ఎల్పీజీ గాలి కన్నా బరువైనది, లీకైతే పైకి పోకుండా నేల మీదే పేరుకుంటుంది. కొండ ప్రాంతాల చలిలో, సున్నా డిగ్రీల దగ్గర, బ్యూటేన్ డబ్బాలు మొరాయిస్తాయి. అక్కడికి ప్రొపేన్ కలిసినవి తీసుకెళ్లాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పొగ లేని నిప్పుతోనే. పొగ రావడం లేదు కదా అని వర్షానికో చలికో కుంపటిని గదిలోకి, టెంట్‌లోకి, మూసిన బాల్కనీలోకి తెస్తారు. కణకణలాడే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతూనే ఉంటుంది. దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, ఆ తర్వాత మగత. నిద్రలో ఉన్నవారికి అదీ తెలియదు. ఉత్తరాదిలో ప్రతి చలికాలమూ గదిలో అంగీఠీ పెట్టుకుని పడుకున్నవారి మరణాలు వార్తల్లోకి వస్తాయి. కిటికీ కొద్దిగా తెరిచి ఉంచితే సరిపోదు. వంట అయ్యాక కుంపటిని బయటే ఉంచి, నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయాలి. బూడిద కింద నిప్పు మర్నాటి దాకా బతికే ఉంటుంది.