హెచ్ అంటే హెడ్డింగ్

చూపులేనివారు కంప్యూటర్‌లో వార్తలు చదువుతున్నప్పుడు ఒక్కసారి పక్కన కూర్చుని గమనించండి. చెయ్యి మౌస్ వైపు పోదు. ఇయర్‌ఫోన్‌లో గొంతు పరుగులు పెడుతుంటుంది, అలవాటులేని చెవికి మాట మాట విడిపడనంత వేగంగా. హెచ్ కీ నొక్కగానే మొదటి శీర్షిక వినిపిస్తుంది. మళ్లీ హెచ్, రెండోది. అది అక్కర్లేదు, ఇంకో హెచ్. కావలసిన వార్త దొరికాక ఇన్సర్ట్ పట్టుకుని కింది బాణం నొక్కితే గొంతు ఆగకుండా చదువుకుపోతుంది. ఈలోపు ఎవరైనా పలకరిస్తే కంట్రోల్ కీ, అంతే, గొంతు ఠక్కున ఆగుతుంది. పొద్దున్నే పేపరు తిరగేస్తూ మనం హెడ్డింగుల మీదుగా కళ్లు పరిగెత్తిస్తాం కదా, ఆ పనే ఇది. కళ్ల బదులు వేళ్లు చేస్తాయి.

ఈ కీలను ఏ సర్కారూ జీవో ఇచ్చి ఖరారు చేయలేదు. పోటీపడ్డ కంపెనీలు, వాడకందారుల అలవాట్లు, ఇద్దరు కుర్రాళ్ల పట్టుదల కలిసి వాటిని ఇక్కడిదాకా తెచ్చాయి. పని మాత్రం సగంలోనే ఉంది.

మొదట్లో చిక్కు వేరు. ఐబీఎం పరిశోధన విభాగంలో జిమ్ థాచర్, చూపులేని సహోద్యోగి జెస్సీ రైట్‌తో కలిసి పనిచేసేవారు. విండోస్‌కు ముందటి డాస్ తెర మీది అక్షరాలను గొంతుతో చదివించే ప్రోగ్రాంను థాచర్ రూపొందించారు. 1986 ప్రాంతంలో వచ్చిన దాని పేరే ‘స్క్రీన్ రీడర్’. ఆ తర్వాత ఇలాంటి ప్రోగ్రాంలన్నిటికీ ఆ పేరే స్థిరపడింది. అయితే ఇక్కడొక తిరకాసు ఉంది. ‘ఈ వరస చదువు’, ‘ఈ మాట చదువు’ అని చెప్పడానికి కీలు కావాలి. కీబోర్డు మీది ప్రతి కీనీ ఏదో ఒక ప్రోగ్రాం అప్పటికే వాడుకుంటోంది. అందుకని ఐబీఎం చదివించే ఆదేశాల కోసం 18 కీలున్న చిన్న పెట్టెను విడిగా తయారుచేసి కంప్యూటర్ పక్కన పెట్టింది.

ఆ పెట్టె అవసరం లేకుండా చేసినవాళ్లలో టెడ్ హెంటర్ ఒకరు. మోటార్‌సైకిల్ రేసులు నడిపిన ఈయన 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయారు. తర్వాత ప్రోగ్రామింగ్ నేర్చుకుని, 1987లో బిల్ జాయిస్‌తో కలిసి ఫ్లోరిడాలో హెంటర్-జాయిస్ కంపెనీ పెట్టారు. 1989లో డాస్‌కు, 1995లో విండోస్‌కు వాళ్ల స్క్రీన్ రీడర్ ‘జాస్’ వచ్చింది. ఇది కుడిపక్క అంకెల ప్యాడ్‌ను చదవడానికి వాడుకుంది. అప్పటికి వచ్చిన 101 కీల కీబోర్డులో బాణాలు విడిగా కూడా ఉన్నాయి కాబట్టి అంకెల ప్యాడ్‌కు తీరిక దొరికింది. దాని అడుగున సున్నా మీద ఉన్న ఇన్సర్ట్, ‘ఇది చదివే గొంతుకు చెప్పే ఆదేశం’ అనే గుర్తు అయింది.

విండోస్ బొమ్మల తెర వచ్చినప్పుడు అంధ ఉద్యోగులు ఎంతగానో భయపడ్డారు. అప్పుడు ఆదుకున్నది ఒక పాత ఒప్పందం. 1987లో ఐబీఎం రూపొందించిన నియమావళి ఏ ప్రోగ్రాంలోనైనా ఎఫ్1కు సహాయం, ఆల్ట్-ఎఫ్4కు మూసివేత అని పెట్టింది. మౌస్ లేకుండా విండోస్ నడపగలగడానికి ఇలాంటి ఉమ్మడి కీలే ఆధారం. ఆ నియమావళి అంధుల కోసం రాసింది కాకపోయినా వాళ్లకే ఎక్కువ అక్కరకొచ్చింది.

ఇక వెబ్ పేజీలు. పేజీ చదివేటప్పుడు టైపు చేసే పని ఉండదు, అక్షరాల కీలన్నీ ఖాళీ. అందుకే హెచ్ హెడ్డింగుకు, టి టేబుల్‌కు, బి బటన్‌కు, ఇ టైపు చేసే పెట్టెకు కుదిరాయి. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ ‘ఎన్‌వీడీఏ’ అనే మరో స్క్రీన్ రీడర్ మొదలుపెట్టారు, జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరికీ చూపులేదు. చిన్నప్పుడు అంధ పిల్లల సంగీత శిబిరంలో కలుసుకున్న స్నేహితులు. దీన్ని ఉచితంగా ఇచ్చారు. జాస్ కొనలేని మన విద్యార్థులకు కంప్యూటర్ తలుపు తెరిచింది ఇదే. ఇందులోనూ హెచ్ అంటే హెడ్డింగే, ఇన్సర్ట్-టి అంటే తెరిచి ఉన్న విండో పేరే. 2018లో మైక్రోసాఫ్ట్ సైతం తన సొంత స్క్రీన్ రీడర్ ‘నేరేటర్’ కీలను మార్చి, మిగతావాటికి దగ్గరగా ఉండే కొత్త అమరిక తెచ్చింది.

అయినా తేడాలు మిగిలాయి. అంకెల ప్యాడ్‌లో 8 నొక్కితే జాస్ పై వరస చదువుతుంది, ఎన్‌వీడీఏ ఉన్న వరసే చదువుతుంది. పేజీలో మెనూ, అసలు వార్త లాంటి పెద్ద విభాగాలకు పోవాలంటే ఎన్‌వీడీఏలో, నేరేటర్‌లో డి, జాస్‌లో ఆర్. జాస్‌లో డి నొక్కారా, ఇంకో రకం అంశం దగ్గరికి తీసుకుపోతుంది. ఆపిల్ మ్యాక్‌లో శీర్షికకు కంట్రోల్, ఆప్షన్, కమాండ్ మూడూ పట్టుకుని హెచ్ నొక్కాలి. ఇంట్లో ఎన్‌వీడీఏ వాడి, ఆఫీసులో జాస్ ముందు కూర్చునే ఉద్యోగికి ఇది చిన్న చిరాకు కాదు. అను ఫాంట్ల ఆపిల్ లేఅవుట్‌లో ఏళ్ల తరబడి కొట్టిన డీటీపీ ఆపరేటరును ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే కీల అమరిక ముందు కూర్చోబెట్టి చూడండి, మనవాళ్లకు బాధ తెలుస్తుంది. వేళ్లకు పట్టిన చదువును మాన్పించడం, కొత్తది నేర్పడం కంటే కష్టం.

అంధులు ఈ అవస్థ ఇంతకుముందే పడ్డారు. లూయీ బ్రెయిలీ తన చుక్కల లిపిని 1829లో ప్రచురించాడు. అమెరికాలో దానికి పోటీగా న్యూయార్క్ పాయింట్, అమెరికన్ బ్రెయిలీ పుట్టాయి. చదవాలన్న ఆశ ఉన్నవాళ్లు రెండు మూడు లిపులు నేర్వాల్సి వచ్చింది. ఇంగ్లిష్ బ్రెయిలీ ఒక్క దారికి వచ్చేసరికి 1932. మన దేశంలోనూ రకరకాల బ్రెయిలీ లిపులు ఉండేవి. 1951లో భారతి బ్రెయిలీ కుదిరాక తెలుగు ‘క’కు, హిందీ ‘క’కు ఒకే చుక్కలయ్యాయి. మన అంధ విద్యార్థి వేలికి రెండు భాషల్లోనూ ‘క’ ఒకేలా తగులుతుంది.

కీలకు అలాంటి ఒప్పందం కావాలి. అన్నీ ఒకేలా ఉండాలని కాదు, మార్చుకునే స్వేచ్ఛ ఉండాల్సిందే. కానీ రోజూ వాడే ఆదేశాలైనా అన్నిచోట్లా ఒకటిగా ఉండాలి. వాటిని కంపెనీల అమ్మకాల విభాగాలు కాదు, రోజంతా వాటితో పనిచేసేవాళ్లు కూర్చుని తేల్చాలి. గొంతు ఆపడానికి కంట్రోల్ కీ ఈ నాలుగింటిలోనూ ఒక్కటే కదా. అది సాధ్యమైనప్పుడు ఇదెందుకు కాదు?

ఒప్పందం కుదిరినా హెచ్ పనిచేయాలంటే పేజీ చేసినవాళ్లు శీర్షికను శీర్షికగా గుర్తుపెట్టాలి. వెబ్‌ఎయిమ్ సంస్థ 2024లో ప్రకటించిన సర్వేలో, పెద్ద పేజీలో సమాచారం వెతకడానికి మొదట హెడ్డింగులనే ఆశ్రయిస్తామన్నవాళ్లు నూటికి 70 మందికి పైనే. అక్షరాలను లావు చేసి వదిలేస్తే కంటికి హెడ్డింగ్ కనిపిస్తుంది, హెచ్ కీకి దొరకదు. యూనికోడ్‌కు మార్చకుండా పాత అను ఫాంట్లలో పెట్టిన తెలుగైతే ఆ గొంతుకు తెలుగే కాదు.

మీ ఇంట్లో విండోస్ 10 గానీ 11 గానీ ఉంటే కంట్రోల్, విండోస్ కీలు పట్టుకుని ఎంటర్ నొక్కండి, నేరేటర్ పలుకుతుంది. ఎడ్జ్ బ్రౌజర్‌లో మీరు రోజూ చదివే తెలుగు పేజీ తెరిచి, కళ్లు మూసుకుని హెచ్ నొక్కండి. శీర్షికలేవీ దొరకలేదని గొంతు చెబితే ఆ పేజీ నడిపేవాళ్లకు ఇవాళే ఒక ఉత్తరం రాయండి.