జుక్కల్‌లో పుట్టిన చెవి

ఈ ఎపిసోడ్‌లో ఒక సరిహద్దు గురించి, ఒక పసిబిడ్డ చెవి గురించి మాట్లాడుకుందాం.

1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం తీసి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో కలపాల్సిన ప్రాంతాల్లో మన జుక్కల్ పేరు కూడా ఉంటుంది. నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆ ఏడాది నవంబర్ 1న ఇటొచ్చాయి. మిగతా దెగ్లూర్ బొంబాయి రాష్ట్రంలోకి పోయింది, పక్కనున్న బీదర్ మైసూరులోకి. అంతకుముందు ఇదంతా ఒకటే హైదరాబాద్ రాజ్యం. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ.

గీత భాషను చూసి గీశారు. కానీ ఇళ్లల్లో మాట గీత దగ్గర ఆగుతదా? ఆగలేదు. తెలుగులో నీళ్లు, కన్నడలో నీరు, ఉర్దూలో పానీ, మరాఠీలో పాణీ. ఆ చివరి రెండింటికీ తేడా ఒక్క 'న', 'ణ' మాత్రమే!

మరి ఇన్ని మాటల మధ్య పుట్టిన బిడ్డ గందరగోళపడదా? కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఇలాంటి తేడానే పరీక్షించి 1984లో ప్రచురించారు. హిందీలోని 'ట', 'త' శబ్దాలను ఇంగ్లిష్ ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది గుర్తుపట్టారు. పది, పన్నెండు నెలలకొచ్చేసరికి చాలామంది గుర్తుపట్టలేకపోయారు. అంటే బిడ్డ అన్నీ వినగలిగే చెవితోనే వస్తుంది. చుట్టూ వినిపించేవి ఉంచుకుంటుంది, వినిపించనివి వదిలేస్తుంది.

ఇంకో విషయం. 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనీస్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ శబ్దాలు పట్టుకున్నారు. అదే మనిషిని టీవీలో చూపిస్తే ఏమీ నేర్చుకోలేదు.

సాఫ్ట్‌వేర్ వదిలి వీడియోలు చేసుకునే నేనే చెప్తున్నా, మీ పసిబిడ్డకు నా వీడియో పనికిరాదు. ఆజీ మరాఠీలో మాట్లాడితే పనికొస్తుంది. "బడిలో ఇబ్బంది అవుతది, ఇంట్లో ఆ భాష మానేయండి" అని ఎవరన్నా చెప్తే ఒక్కసారి ఆగి ఆలోచించండి. 1956 గీత ఊళ్లను విడదీసింది. ఇంట్లో ఆజీ మాట ఆగిపోతే మాత్రం అది చట్టం చేసిన పని కాదు, మనం చేసింది.

మీ ఇంట్లో పిల్లలు ఎన్ని భాషలు వింటారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా!