పిల్లలపై వేధింపులు: అమ్మాయి మౌనం, అబ్బాయి కోపం.. రెండింటికీ కారణం ఒకటే కావొచ్చు

మీ బాబు నాలుగో తరగతి అనుకుందాం. నెల రోజులుగా సరిగ్గా బడికెళ్లే వేళకే కడుపునొప్పి అంటున్నాడు. డాక్టర్‌కు చూపిస్తే ఏమీ లేదన్నారు. దాంతో దొంగనొప్పి అనుకుని, రెండు తగిలించి ఆటో ఎక్కిస్తాం. కానీ భయం వల్ల వచ్చే నొప్పి కూడా నిజమైన నొప్పే.

లైంగిక వేధింపులైనా, కొట్టడమైనా, రోజూ అవమానించడమైనా పిల్లలు తట్టుకునే తీరు వయసును బట్టి మారుతుంది. ఐదారేళ్లలోపు వారికి జరిగింది చెప్పడానికి మాటలు రావు. పక్క తడపడం మానేసిన పాప మళ్లీ మొదలుపెడుతుంది. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంది. ఫలానా మనిషి వస్తే అమ్మ కొంగు వదలదు. బడి వయసులో తలనొప్పులు, మార్కులు పడిపోవడం కనిపిస్తాయి. ‘తప్పు నాదే’ అన్న భావన కూడా ఈ వయసులో బలపడుతుంది. టీనేజ్‌లో ముప్పు ఎక్కువ. దిగులు, మద్యం, ఇల్లు వదిలి వెళ్లిపోవడం, చేతులు కోసుకోవడం, చనిపోవాలన్న ఆలోచనలు రావొచ్చు.

మరి ఆడపిల్లలకు, మగపిల్లలకు తేడా ఏంటి? అమ్మాయిల్లో బాధ ఎక్కువగా లోపలే ఉండిపోతుంది. ఆందోళన, పీడకలలు, తమను తామే నిందించుకోవడం కనిపిస్తాయి. అబ్బాయిల్లో అది కోపంగా, కొట్లాటలుగా, బడి ఎగ్గొట్టడంగా బయటపడటం ఎక్కువ. అందరూ ఇలాగే ఉంటారని కాదు. లోలోపల కుమిలిపోయే అబ్బాయిలూ ఉన్నారు, తిరగబడే అమ్మాయిలూ ఉన్నారు. పైగా ఈ తేడాలో మన పెంపకం వాటా తక్కువేం కాదు. ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా’ అనేది మనమే కదా! ఫలితంగా మాట తగ్గించేసిన అమ్మాయి ‘బుద్ధిమంతురాలు’ అవుతుంది, గొడవలు పడే అబ్బాయి ‘రౌడీ’ అవుతాడు. ఇద్దరినీ ‘ఏమైంది?’ అని అడిగేవాళ్లు ఉండరు.

అబ్బాయిలకు ఇలాంటివి జరగవనుకుంటే పొరపాటే. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల నుంచి 12,447 మంది పిల్లలను ప్రశ్నించారు. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామని చెప్పారు. వారిలో 52.94 శాతం అబ్బాయిలే. 2012 నాటి పోక్సో చట్టం కూడా 18 ఏళ్లలోపు వారందరినీ, ఆడా మగా తేడా లేకుండా కాపాడుతుంది.

పిల్లలు నోరు విప్పితే మధ్యలో ఆపొద్దు. ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు?’ అని అడగొద్దు. ‘నీ తప్పేం లేదు’ అని చెప్పండి. మళ్లీ మళ్లీ చెప్పించకండి.

రాజుపాలెం లాంటి మండలాల్లో ‘నలుగురికీ తెలిస్తే?’ అన్న భయమే పెద్ద అడ్డంకి. బాధిత పిల్లల పేరు, ఫొటో, చిరునామా మీడియాలో బయటపెట్టడం పోక్సో కింద నేరం. వాంగ్మూలం కోసం పిల్లలను స్టేషన్‌కు తీసుకెళ్లాల్సిన పని లేదు, ఇంట్లోనే ఇవ్వొచ్చు. పోలీసులు యూనిఫాంలో రాకూడదు. అత్యవసర చికిత్సకు ముందు ఎఫ్‌ఐఆర్ కాగితం తెమ్మని డాక్టర్ అడగకూడదు. లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే మాత్రం ఆరు నెలల వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడొచ్చు.

దగ్గర్లో ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి, కడప సర్వజన ఆసుపత్రి ఉన్నాయి. ఇప్పటికిప్పుడు సాయం కావాలంటే చైల్డ్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. పిల్లలే నేరుగా చేయొచ్చు. మానసిక నిపుణులతో మాట్లాడాలంటే టెలి మానస్ నంబర్ 14416. రెండూ ఉచితం, 24 గంటలూ పనిచేస్తాయి. టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు.