నూట అరవై గినీల గుర్రం

చరిత్ర వ్యాసం అంటే రాజులూ యుద్ధాలూ అనుకుంటారు. నేను ఒక గుర్రం గురించి రాస్తున్నాను. గుర్రప్పందేలు కొంపలు ముంచుతాయన్న మాట నేనూ కాదనను. కాని ఇందులో గుర్రం తప్పేమీ లేదు.

దాని పేరు ఫార్ ల్యాప్. 1926లో న్యూజిలాండులో పుట్టింది. హారీ టెల్ఫర్డ్ అనే శిక్షకుడు కేటలాగులో వంశావళి చూసి మోజుపడి, సిడ్నీలోని డేవిస్ అనే వర్తకుడిచేత 1928లో 160 గినీలకు కొనిపించాడు. తీరా దిగేసరికి బక్కచిక్కిన శరీరం, మొహాన పులిపిరులు! శిక్షణకు దమ్మిడీ ఇవ్వనన్నాడు డేవిస్. చివరకు మూడేళ్ళ లీజు కుదిరింది: ఖర్చులన్నీ టెల్ఫర్డ్‌వి, గెలుపులో మూడింట రెండు వంతులూ అతనివే.

1929లో తొలి పందెంలో చిట్టచివర వచ్చింది. ఆ ఏడాదే రెండు డెర్బీలు గెలిచింది. మొత్తం 51 పరుగుల్లో 37 విజయాలు. అవి ఆర్థికమాంద్యపు రోజులు. పనుల్లేని జనానికి ఈ గుర్రమే కబురు, కాలక్షేపం. 1930 నవంబరు 1న ఎవరో దాని మీద తుపాకీ పేల్చారు. దెబ్బ తగల్లేదు. ఆ రోజే ఒక పందెం గెలిచింది. మూడు రోజుల తరువాత మెల్బోర్న్ కప్పు కూడా గెలిచింది! ఆ కప్పులో దానిమీద పదకొండు కాస్తే లాభం ఎనిమిదే. అంత నమ్మకం జనానికి.

గెలిచే గుర్రానికి బరువు పెంచడం ఆ పందేల నియమం. పనిచేసే గుమాస్తా బల్లమీదకే ఫైళ్ళన్నీ చేరడం మనమెరుగనిదా? 1930 కప్పులో సుమారు 62 కిలోలు మోసింది. 1931లో 68 కిలోలు పెట్టారు. రెండు మైళ్ళ పరుగు. ఎనిమిదో స్థానంలో వచ్చింది.

డేవిస్ దానిని ఓడెక్కించి అమెరికా ఖండానికి పంపాడు. 1932 మార్చి 20న మెక్సికోలోని అగ్వా కాలియెంటేలో, డెక్క చిట్లి కూడా గెలిచింది. పదహారు రోజులకే, ఏప్రిల్ 5న, కాలిఫోర్నియాలో జ్వరంతో విలవిలలాడి చనిపోయింది. దానిని సాకిన టామీ వుడ్‌కాక్ దగ్గరే ఉన్నాడు.

విషప్రయోగమని పుకార్లు పుట్టాయి. 2008లో శాస్త్రజ్ఞులు జూలు వెంట్రుకలు పరీక్షించి, చావుకు ఒకటి రెండు రోజుల ముందు ఆర్సెనిక్ పెద్ద మోతాదులో లోపలికి వెళ్ళిందన్నారు. ఆ రోజుల్లో గుర్రాలకిచ్చే టానిక్కుల్లోనూ ఆర్సెనిక్ ఉండేది. ఎవరైనా కావాలని పెట్టారో, మోతాదు తప్పిందో ఎవరూ తేల్చలేదు. నాకు మాత్రం టానిక్కు మీదే అనుమానం.

తరువాత పంపకాలు జరిగాయి. చర్మం మెల్బోర్న్‌కు, ఎముకలు న్యూజిలాండుకు, గుండె కాన్‌బెర్రాకు. ఆ గుండె తూకం 6.2 కిలోలు, మామూలు గుర్రపు గుండెకు దాదాపు రెట్టింపు. 2010లో, నూట యాభయ్యో కప్పు సందర్భంగా, ఎముకలను మెల్బోర్న్ తెచ్చి చర్మం పక్కన నిలబెట్టారు. కప్పు పండుగ ముగిశాక ఎముకలు మళ్ళీ న్యూజిలాండు వెళ్ళిపోయాయి.